సభలో బిల్లు, బయట జనం: పర్యావరణ చట్టాల్లో పౌరుల మాట ఎక్కడ చెల్లుతుంది?

2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అంతకుముందు కొన్ని నెలలుగా అమ్రాబాద్, పదర మండలాల్లో చెంచులు, రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. హైదరాబాద్‌లో విద్యార్థులు, రచయితలు, సినిమావాళ్లు వాళ్లతో గొంతు కలిపారు. సమావేశాలు జరుగుతున్న రోజుల్లోనే ఆ ఒత్తిడి పెరిగింది, సభ స్పందించింది. ఆ సాయంత్రం చాలామంది హమ్మయ్య అనుకున్నారు. "నల్లమలలో యురేనియాన్ని అసెంబ్లీ నిషేధించింది కదా" అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

నిషేధించలేదు. నిషేధించే అధికారం రాష్ట్ర సభకు లేదు కూడా. అణు ఇంధనం, దానికి కావలసిన ఖనిజాలు కేంద్ర జాబితాలోవి. ఆ రోజు సభ చేసింది కేంద్రాన్ని కోరడం. ఆ కోరికకు రాజకీయంగా చాలా బరువుంది. కానీ అది చట్టం కాదు.

ఈ తేడా తెలియకపోవడం వల్లే మన శ్రమ చాలాసార్లు దారి తప్పుతోందని నా అభిప్రాయం. శాసనసభ సమావేశాల తేదీలు వచ్చాయంటే చాలు, ఫోన్లలో సందేశాలు మొదలవుతాయి. ఈ బిల్లును ఆపండి, మీ ఎమ్మెల్యేకి ఫోన్ చేయండి, చలో అసెంబ్లీకి తరలి రండి అని. వాటి వెనుక ఉన్న ఆవేదన నిజమైనది. అయితే సభ ముందున్న కాగితం ఏమిటి, దాని మీద సభకు ఎంత అధికారం ఉంది, మన మాట వినడానికి ఎవరికి ఎంత సమయం మిగిలింది అన్నవి తెలిస్తేనే ఆ ఫోన్ ఎవరికి, ఎప్పుడు చేయాలో తెలుస్తుంది.

## బిల్లు, తీర్మానం, జీవో: దేని బలం దానిది

చట్టం చేయమంటూ సభ ముందు పెట్టే ముసాయిదా బిల్లు. సభ ఆమోదించి, గవర్నర్ సంతకం పడి, గెజిట్‌లో అచ్చయితే అది చట్టం. సభ నడవని రోజుల్లో ప్రభుత్వానికి తొందరగా చట్టం కావాల్సి వస్తే గవర్నర్ చేత ఆర్డినెన్స్ జారీ చేయిస్తుంది. సభ మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లోగా దాన్ని బిల్లుగా ఆమోదించుకోకపోతే అది చెల్లకుండా పోతుంది. చట్టాన్ని నేల మీద అమలు చేయడానికి ప్రభుత్వం రాసుకునే వివరాలే నియమాలు, వాడుకలో రూల్స్. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. దానికి సభతో పని లేదు.

జీవోకు సభతో పని లేకపోవడం ఎంత పెద్ద విషయమో 111 జీవో చెబుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలకు పగ్గాలు వేస్తూ 1996 మార్చిలో వచ్చిన ఉత్తర్వు అది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. పాతికేళ్లకు పైగా జనం దాన్ని చట్టంలాగే చూశారు, కోర్టుల్లో దాని మీద ఎన్నో వాదనలు నడిచాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చింది, 111లోని ఆంక్షలను తొలగిస్తున్నామంది. సభలో బిల్లు లేదు, ఓటు లేదు. ఒక ఉత్తర్వు ఇచ్చిన రక్షణను ఇంకో ఉత్తర్వు తీసేసింది. అదే రక్షణ చట్టంలో ఉండి ఉంటే, తీసేయడానికి ప్రభుత్వం కనీసం సభకు రావాల్సి వచ్చేది.

హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కథ దీనికి మరో వైపు. 2024 జులైలో అది జీవోతోనే పుట్టింది. కూల్చివేతలు మొదలవగానే, అసలు దానికి ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందనే ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, జీహెచ్‌ఎంసీ చట్టంలో కొత్త సెక్షన్ చేర్చి, ఆ అధికారానికి చట్టం దన్ను కల్పించుకుంది. పర్యావరణాన్ని కాపాడతామని వచ్చిన సంస్థకైనా చట్టం పునాది కావాల్సిందేనని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

తీర్మానానికి చట్టం బలం లేదన్నాను. ఒక మినహాయింపు ఉంది, అది పర్యావరణానికి సంబంధించినదే కావడం వల్ల చెప్పి తీరాలి. నీరు రాష్ట్రాల అంశం కాబట్టి 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టాన్ని పార్లమెంటు సొంతంగా చేయలేకపోయింది. రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద కొన్ని రాష్ట్రాల సభలు చేయమని తీర్మానిస్తే చేసింది. మిగతా రాష్ట్రాలు తర్వాత తీర్మానాలు చేసి దాన్ని స్వీకరించాయి. 2024లో ఆ చట్టాన్ని సవరించినప్పుడూ అంతే. చాలా నేరాలకు జైలు శిక్ష తీసేసి 10 వేల రూపాయల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానాలు పెట్టిన ఆ సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. ఏ ఇతర రాష్ట్రానికైనా అది రావాలంటే అక్కడి సభ తీర్మానం చేయాలి. అంటే ఇలాంటి తీర్మానం అజెండాలో ఒక్క వాక్యంగా కనిపించినా, దాని వెనుక ఒక చట్టం మొత్తం నిలబడి ఉంటుంది. నల్లమల తీర్మానం ఒక విన్నపం. 252 కింద చేసే తీర్మానం ఫ్యాక్టరీ వ్యర్థాలకు పడే శిక్షనే మార్చేస్తుంది. పేరు చూస్తే రెండూ ఒకటే.

## పర్యావరణం అసలు ఎవరి అంశం?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలనూ తిరగేస్తే 'పర్యావరణం' అనే పద్దు ఎక్కడా ఉండదు. ముక్కలు ముక్కలుగా పంచి ఉంటుంది. నీరు, భూమి, వ్యవసాయం, చేపలు, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అడవులు, వన్యప్రాణులు 1976 వరకు రాష్ట్రాలవే. 42వ సవరణ వాటిని ఉమ్మడి జాబితాకు మార్చింది. చమురు, గ్యాస్, అణు ఖనిజాలు, అంతర్రాష్ట్ర నదులు కేంద్రం చేతిలో ఉన్నాయి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని పార్లమెంటు అంతర్జాతీయ ఒప్పందాలను అమలు చేసే 253వ అధికరణం కింద చేసింది.

అందుకే రాష్ట్ర సభలో పర్యావరణ బిల్లు తేవాలంటే ఏ గుమ్మంలోంచి రావాలన్నదే మొదటి ప్రశ్న. దీనికి నాకు తెలిసిన చక్కటి ఉదాహరణ తమిళనాడులో ఉంది. కావేరి డెల్టాలో హైడ్రోకార్బన్ తవ్వకాలకు వ్యతిరేకంగా రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. చమురు, గ్యాస్ కేంద్ర అంశాలు కాబట్టి వాటిని నిషేధిస్తూ నేరుగా చట్టం చేసే వీలు రాష్ట్రానికి లేదు. 2020 ఫిబ్రవరి 9న నాటి ముఖ్యమంత్రి పళనిస్వామి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తామన్నారు. ఫిబ్రవరి 20న బిల్లు సభకొచ్చింది, ఆ రోజే ఆమోదం పొందింది. వ్యవసాయం రాష్ట్రానిది. ఆ భూమి వ్యవసాయానికే అని రాష్ట్రం చట్టంలో రాస్తే, అందులో కొత్త బావులు తవ్వడానికి అడ్డం పడుతుంది. రైతులు అడిగింది తవ్వకాల నిషేధం, సభ ఇచ్చింది సాగు రక్షణ. వచ్చిన గుమ్మం వేరైనా చేరిన గది ఒకటే.

అయితే ఆ చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. అప్పటికే నడుస్తున్న ప్రాజెక్టుల జోలికి అది వెళ్లదు. ఉద్యమకారుల్లో కొందరు దీన్ని పెద్ద లోపంగా చూశారు. ఉన్నవాటిని కూడా మూసేయమంటే చట్టం కోర్టులో నిలిచేది కాదన్నది రెండో వైపు వాదన. ప్రకటనకూ ఆమోదానికీ మధ్య ఉన్నది పదకొండు రోజులు. ఈ ఒక్క సెక్షన్ మీదైనా డెల్టా ఊళ్లలో తీరిగ్గా చర్చ జరగడానికి ఆ వ్యవధి ఎక్కడ సరిపోతుంది?

ఉమ్మడి జాబితా అంశాల్లో మరో మెలిక ఉంది. కేంద్ర చట్టానికి రాష్ట్ర చట్టం ఎదురు తగిలితే కేంద్రానిదే చెల్లుతుంది. రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే మాత్రం ఆ రాష్ట్రంలో రాష్ట్ర చట్టం నిలబడుతుంది. 2017 జనవరిలో చెన్నై మెరీనా బీచ్‌లో జనం కదలకుండా కూర్చున్న తర్వాత వచ్చిన జల్లికట్టు సవరణ ఈ దారిలోనే వెళ్లింది. 2023 మేలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

## సభలో బిల్లు ఉండేది ఎన్ని గంటలు?

సమావేశాల రోజుల్లోనే ఉద్యమం చేస్తే బిల్లు మారుతుందనే ఆశకు ఇక్కడ పెద్ద చిక్కు వస్తుంది. రాజ్యాంగం చెప్పేది ఒక్కటే, రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని. ఏడాదికి ఇన్ని రోజులు కూర్చోవాలని ఎక్కడా లేదు. చట్టసభల పనితీరును లెక్కగట్టే పీఆర్‌ఎస్ సంస్థ 2023కి వేసిన లెక్క ప్రకారం దేశంలో రాష్ట్ర సభలు సగటున 22 రోజులు కూర్చున్నాయి. ఆ ఏడాది వచ్చిన బిల్లుల్లో 44 శాతం ప్రవేశపెట్టిన రోజో, మర్నాడో ఆమోదం పొందాయి.

సభలో బిల్లుకు మూడు దశలు. మొదట ప్రవేశపెట్టడం. తర్వాత సూత్రప్రాయ చర్చ, క్లాజుల వారీ పరిశీలన. చివరికి ఆమోదం. వీటి మధ్య సెలెక్ట్ కమిటీకి పంపే వీలుంది. పంపితే నిపుణులను, బాధితులను పిలిచి వినవచ్చు. పంపకపోతే మూడు దశలూ ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. స్పీకర్ 'అనుకూలం అన్నవారు అవును అనండి' అంటారు, మూజువాణి ఓటుతో పని ముగుస్తుంది. బిల్లు ప్రతి ముందు రోజు రాత్రి చేతికొచ్చిందని సభ్యులే సభలో ఫిర్యాదు చేస్తుంటారు. సభ్యుడికే చదవడానికి రాత్రి దాటని చోట, బయట కూర్చున్న మనకు ఎంత సమయం ఉంటుందో వేరే చెప్పాలా?

విప్, అంటే ఎలా ఓటేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం, దాని సంగతి కూడా మరవకూడదు. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. "మా ఎమ్మెల్యేకి నచ్చజెప్పాం, బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తాడు" అనుకునే అవకాశం ఇక్కడ దాదాపు లేనట్టే. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టసభల్లో బిల్లు కమిటీకి వెళ్తుంది, కమిటీ బహిరంగ విచారణ పెడుతుంది, మామూలు పౌరుడు వెళ్లి సాక్ష్యం చెప్పవచ్చు, సభ్యుడు తన పార్టీని కాదని ఓటేయనూవచ్చు. అందుకే అక్కడి ఉద్యమాలు ఒక్కొక్క సభ్యుడి చుట్టూ తిరుగుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే 'మీ ప్రతినిధికి ఉత్తరం రాయండి' నమూనాలు చాలావరకు ఆ పద్ధతి కోసం పుట్టినవే. మన దగ్గర బిల్లు భవితవ్యం మంత్రి, ముఖ్యమంత్రి, పార్టీ శాసనసభాపక్షం స్థాయిలో ముందే తేలిపోతుంది. మన ఎమ్మెల్యే చేయగలిగింది ఓటు మార్చడం కాదు. ఆ గదిలోకి మన మాట తీసుకెళ్లడం, ప్రశ్న వేయడం, సవరణ సూచించడం. అదేమీ చిన్న పని కాదు.

తెలుగు రాష్ట్రాలు రెండింటికీ శాసనమండలి ఉంది. తెలంగాణలో 40 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58 మంది సభ్యులు. మామూలు బిల్లును మండలి పూర్తిగా అడ్డుకోలేదు. మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల ఆపగలదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాజధాని బిల్లుల విషయంలో మండలి చైర్మన్ సెలెక్ట్ కమిటీ మాట ఎత్తినప్పుడు రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. పర్యావరణ బిల్లు మీద ఆ స్థాయి పట్టుదల ఎప్పుడు చూస్తామో తెలియదు కానీ, వినడానికి కొన్ని నెలలు దొరికే చోటు ఒకటి మన వ్యవస్థలో ఉందని అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది.

## ఒక చెరువు బిల్లు అనుకుందాం

కల్పిత ఉదాహరణ ఒకటి తీసుకుని అడుగడుగునా చూద్దాం. ఒక పట్టణం అంచున పాత సాగునీటి చెరువు ఉంది. కట్ట మీద నిలబడి చూస్తే శిఖం భూమిలో, అంటే వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు కడుపులో, మట్టి లారీల చక్రాల గాడులు కనిపిస్తాయి. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ రాళ్లలో రెండు మిగిలాయి, మూడోదాన్ని ఎవరో పెకలించారు. ఊరివాళ్లు కొందరు కలిసి చెరువులకో చట్టం కావాలంటున్నారు. ఏడాదిలోగా హద్దులు ప్రకటించాలని, సిబ్బందితో ఒక ప్రాధికార సంస్థ ఉండాలని, ఆక్రమిస్తే జైలు శిక్ష పడాలని వాళ్ల కోరిక.

కేంద్రం నియమాలు సరిపోవా? 2017 నాటి చిత్తడి నేలల నియమాలు తాగునీటికో సాగునీటికో మనుషులు తవ్వుకున్న జలవనరులను తమ పరిధిలోంచి తప్పించాయి. మన చెరువుల్లో అత్యధికం అలాంటివే. కాబట్టి రాష్ట్ర చట్టం కావాలనడంలో అర్థం ఉంది. నీరు, భూమి రెండూ రాష్ట్ర జాబితావే కాబట్టి సభకు అధికారమూ ఉంది.

ఊరివాళ్ల మాట విన్న ప్రతిపక్ష ఎమ్మెల్యే అనధికార సభ్యుల బిల్లు పెడతానన్నాడు. మంత్రి కాని ఏ సభ్యుడైనా పెట్టే బిల్లు అది. పార్లమెంటు చరిత్రలో అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. పైగా ఈ బిల్లులో ప్రాధికార సంస్థ ఉంది, జీతాలున్నాయి. ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లును గవర్నర్ సిఫార్సు లేకుండా సభ ఆమోదించకూడదని 207వ అధికరణం చెబుతుంది. గవర్నర్ మంత్రివర్గం సలహా మీద నడుస్తారు కాబట్టి చివరికి అది ప్రభుత్వం ఒప్పుకోవడమే. అయినా ఆ బిల్లు వృథా కాదు. అది నమోదైతే శాఖ ఏదో ఒక జవాబు సిద్ధం చేసుకోవాలి. చాలాసార్లు మంత్రి 'మేమే సమగ్ర బిల్లు తెస్తాం, ఇది ఉపసంహరించుకోండి' అంటారు. ఆ మాట సభ రికార్డులోకి ఎక్కుతుంది.

ప్రభుత్వమే బిల్లు తెచ్చిందనుకుందాం. ఇప్పుడు చూడాల్సింది పేరును కాదు, క్రియాపదాన్ని. 'చెరువుల హద్దులను ప్రభుత్వం ప్రకటించవచ్చు' అని ఉందా, 'ఏడాదిలోగా ప్రకటించాలి' అని ఉందా? మొదటిదైతే పదేళ్లు ప్రకటించకపోయినా చట్టం ఉల్లంఘించినట్టు కాదు. రెండోదైతే పదమూడో నెలలో ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చు. తర్వాత నిర్వచనాలు. 'చెరువు అంటే రెవెన్యూ రికార్డుల్లో చెరువుగా నమోదైనది' అని రాస్తే, రికార్డుల్లో పట్టాగా మారిపోయిన కుంటలన్నీ ఆ ఒక్క వాక్యంతో చెరువులు కాకుండా పోతాయి. తర్వాత మినహాయింపులు. 'ఈ చట్టం అమల్లోకి వచ్చేనాటికి ఉన్న నిర్మాణాలకు ఇది వర్తించదు' అంటే ఆక్రమణదారుకు నిశ్చింత. ఏ మినహాయింపూ లేకపోతే, ఎఫ్‌టీఎల్ అని తెలియకుండా వాయిదాల మీద స్థలం కొని రెండు గదులు వేసుకున్న కుటుంబానికి గుండెల్లో రాయి.

బిల్లు వెనక పేజీల్లో ఉద్దేశాలు, కారణాల వివరణ అని ఒకటి ఉంటుంది. పేపర్లలో వార్త ఎక్కువగా దాన్ని చూసే రాస్తారు. అందులో చెరువుల వైభవం గురించి ఎంత బాగా రాసినా, కోర్టులో నిలబడేది లోపలి క్లాజులే.

## జనం మాట లోపలికి వెళ్లే దారులు

అన్నిటికంటే వెడల్పైన దారి ముసాయిదా దశలో ఉంది. కేంద్రానికి 2014 నుంచి ఒక విధానం ఉంది, బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని. అది విధానమే, చట్టం కాదు. రాష్ట్రాలను అది కట్టిపడేయదు. అయినా రాష్ట్రాలు తలుచుకుంటే ఆ పని చేయగలవు. తెలంగాణలో భూభారతి చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో వెబ్‌సైట్‌లో పెట్టి సలహాలు అడిగారు. బిల్లు ఆ డిసెంబరులో సభ ఆమోదం పొందింది. భూమి రికార్డులకు సాధ్యమైంది చెరువులకు, చెట్లకు ఎందుకు సాధ్యం కాదని అడిగే హక్కు మనకుంది. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వివరాలన్నీ ప్రభుత్వమే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా చెబుతోంది.

ముసాయిదా బయట పెట్టినంత మాత్రాన సరిపోదు, అది ఏ భాషలో ఉందన్నదీ ముఖ్యమే. 2020లో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను కేంద్రం ఇంగ్లిష్, హిందీల్లో ప్రచురిస్తే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. దాని మీద లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి. మన బిల్లుల్లోనూ వివాదం వస్తే కోర్టు చూసే అధికారిక పాఠం ఇంగ్లిష్‌దే. 'ప్రకటించవచ్చు', 'ప్రకటించాలి' మధ్య తేడాను ఆ ఇంగ్లిష్‌లో పట్టుకునే మనిషి ఒకరు ప్రతి ఉద్యమంలోనూ ఉండాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

సభ మొదలయ్యాక మిగిలేవి సన్నని దారులు, కానీ ఉన్నాయి. ప్రశ్నోత్తరాలు, జీరో అవర్, స్వల్పకాలిక చర్చ. వీటిలో ఎమ్మెల్యే అడిగిన ప్రశ్నకు మంత్రి చెప్పే జవాబు రికార్డవుతుంది. 'చేస్తాం' అని మంత్రి అన్నది ప్రభుత్వ హామీల కమిటీ లెక్కలోకి వెళ్తుంది. పిటిషన్ల కమిటీ ద్వారా పౌరుల వినతి సభకు చేరే పద్ధతి కూడా ఉంది. ఇవేవీ టీవీలో పెద్దగా కనిపించవు.

చలో అసెంబ్లీ సంగతి వేరు. సమావేశాల రోజుల్లో సభ చుట్టూ నిషేధాజ్ఞలు ఉంటాయి. నాయకులను ముందు రోజు రాత్రే ఇళ్ల దగ్గర ఆపేయడం అలవాటైపోయింది. దానివల్ల క్లాజులు మారడం అరుదు. అయితే ఆ అరెస్టుల ఫొటోలే మర్నాడు సభలో వాయిదా తీర్మానానికి కారణమవుతాయి, ఆ అంశం రాష్ట్రమంతా తెలుస్తుంది. వీధి పోరాటం దండగ అనేవాళ్లూ, కాగితాలతో ఏమీ కాదనేవాళ్లూ ఇద్దరూ సగమే చూస్తున్నారని నాకనిపిస్తుంది. నల్లమలలో రోడ్డెక్కినవాళ్లు లేకపోతే ఆ తీర్మానమే లేదు.

## కొల్లేరు: జనమంటే ఏ జనం?

పర్యావరణ బిల్లుల చర్చలో పౌరులందరూ ఒక పక్కన, ప్రభుత్వం ఇంకో పక్కన ఉన్నట్టు రాయడం తేలిక. కొల్లేరు దగ్గర ఆ బొమ్మ చెదిరిపోతుంది. 1999లో సరస్సులో +5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున ఉండే గీత దాకా, దాదాపు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2005–06లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అక్కడి కుటుంబాలు, రైతులు, చేపల వ్యాపారులు అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు, అభయారణ్యాన్ని +3కి కుదించమని. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే కోరుతూ తీర్మానం చేసింది. పార్టీలన్నీ ఒకే మాట.

అది కూడా పౌరులు సభను కదిలించడమే. దిశ మాత్రం వేరు. జిరాయితీ భూమి ఉండీ సాగు చేసుకోలేని రైతు గోడు అబద్ధం కాదు. వలస పక్షులు దిగే నీటి పరపు కుంచించుకుపోతోందనే శాస్త్రవేత్త భయమూ అబద్ధం కాదు. గట్లు కొట్టేయడంలో నిజంగా నష్టపోయింది చిన్న మత్స్యకారులా, వాళ్ల పేరు మీద చెరువులు నడిపిన పెట్టుబడిదారులా అన్నది అక్కడ ఇప్పటికీ తెగని వాదన. చట్టం దృష్టిలో మాత్రం విషయం తేటగా ఉంది. అభయారణ్యం హద్దులు మార్చాలంటే వన్యప్రాణి చట్టం కింద జాతీయ బోర్డు సిఫార్సు తప్పనిసరి. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ +5 దగ్గరే ఉంచాలంది. సభ ఏకగ్రీవ తీర్మానం అలాగే ఉండిపోయింది. నల్లమలలో అడవి పక్షాన వెళ్లిన విన్నపానికీ, కొల్లేరులో హద్దు తగ్గించమని వెళ్లిన విన్నపానికీ చట్టపరంగా బలం ఒకటే.

ఇక్కడే సంప్రదింపుల మీద అసలు వాదన మొదలవుతుంది. బిల్లును ఊరూరా చర్చకు పెడితే డబ్బూ సంఘటిత బలమూ ఉన్నవాళ్లే ముందు వచ్చి దాన్ని నీరుగార్చేస్తారని, ఆలస్యమైన ప్రతి నెలా చెరువు కొంత పూడిపోతుందని కొందరు అధికారులూ ఉద్యమకారులూ కూడా అంటారు. ఇందులో నిజం ఉంది. హద్దులు ప్రకటిస్తారని ముందే తెలిస్తే రాత్రికి రాత్రే పునాదులు లేవడం చూశాం. రెండో వైపువాళ్లు అనేది, చర్చ లేకుండా వచ్చిన చట్టం పేదవాడి ఇంటి మీద మొదట పడుతుందని, అప్పుడు పుట్టే కోపమే చట్టాన్ని కూలుస్తుందని. హైదరాబాద్ కూల్చివేతల్లో ఈ రెండూ ఒకేసారి కనిపించాయి. చెరువు బయటపడిందని సంతోషించినవాళ్లూ, సామాను రోడ్డు మీద పడి ఏడ్చినవాళ్లూ ఒకే నగరంలో ఉన్నారు. నా మటుకు నాకు, ముసాయిదాను 30 రోజులు బయట పెట్టి, ఆ 30 రోజులూ కొత్త నిర్మాణాలను ఉత్తర్వుతో ఆపడం ఈ రెండు భయాలకూ కొంత జవాబు అనిపిస్తుంది.

## సభ ముగిశాక నడిచే కథ

ఆమోదం పొందిన బిల్లు గవర్నర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన సంతకం చేయవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పెట్టవచ్చు. వీటికి కోర్టులు గడువులు విధించలేవని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయపడింది. అలాగని కారణం చెప్పకుండా ఎంతకాలమైనా దగ్గర పెట్టుకుంటే ఊరుకోవాల్సిన పని లేదని కూడా చెప్పింది. కేంద్ర చట్టంతో తగువు పడే అవకాశమున్న పర్యావరణ బిల్లులకు ఈ మలుపు ముఖ్యమైనది.

సంతకం పడ్డాక కూడా చట్టం మొదటి సెక్షన్‌లో ఒక మాట తరచూ ఉంటుంది: 'ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించే తేదీ నుంచి ఇది అమల్లోకి వస్తుంది.' ఆ తేదీ వచ్చేదాకా చట్టం ఉన్నా లేనట్టే. తర్వాత నియమాలు. మన వాల్టా చట్టం, నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చినది, దాని నియమాలు 2004లో వచ్చాయి. బోరు వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా అనుమతి కోసం ఎవరిని ఎలా అడగాలన్న వివరాలు మండల కార్యాలయానికి వెళ్లిన రైతుకు తగిలేది ఆ నియమాల్లోనే. సభలో గంటల తరబడి మాట్లాడేది చట్టం గురించి, ఊళ్లో జనం ఏళ్ల తరబడి బతికేది నియమాలతో.

ఆ నియమాలు రాసేది సచివాలయంలో. అవి రాస్తున్న నెలల్లో ఫోన్లలో సందేశాలు రావు, చలో పిలుపులు ఉండవు. చాలా చట్టాల చివర్లో ఇంకో సెక్షన్ ఉంటుంది, ఈ నియమాలను సభ ముందు ఉంచాలని, సభ్యులు కావాలంటే వాటిని మార్చమనవచ్చని. అంటే తర్వాతి సమావేశాల్లో ఏదో ఒక ఉదయం, ప్రశ్నోత్తరాలు అయిపోయి సభ్యులు సగం మంది లేచి వెళ్తున్న వేళ, మన చెరువు హద్దును తేల్చే కాగితం సభ బల్ల మీదికి వస్తుంది. దాన్ని తెరిచి చూడమని మన ఎమ్మెల్యేకి ఆ వారంలో ఫోన్ చేసినవాళ్లు ఎవరూ ఉండరు.